హాల్లో మంటకెంత, వంటింట్లో పొయ్యికెంత?

తెలుగు సినిమా కళా దర్శకులకు,



మీరు వేసిన ఇళ్లలో మేం చాలా ఏళ్లు కాపురం చేశాం. అటొకటి ఇటొకటి వంపు తిరిగి పైకెక్కే మెట్లు, నడినెత్తిన షాండ్లియర్, ఎవరూ వాయించని పియానో, గోడ మీద పులి తల, దాని కింద పాలరాతి చట్రంలో నల్లగా నోరు తెరుచుకున్న ఫైర్‌ప్లేస్. జమీందారుగారు సిల్కు గౌను తొడుక్కుని, నోట్లో పైపు పెట్టుకుని, కూతురి ప్రేమ సంగతి విని గర్జించేది సరిగ్గా దాని ముందు నిలబడే. ఊరు రాజమండ్రి కానివ్వండి, బెజవాడ కానివ్వండి, నెల మే కానివ్వండి, ఆయన వెనక ఫైర్‌ప్లేస్ ఉండాల్సిందే. బెజవాడ ఎండల్లో ఆ గౌను తొడుక్కున్న మనిషి క్లైమాక్సుకి ముందు గుండె పట్టుకుని ఎందుకు కూలిపోతాడో వేరే డాక్టరు వచ్చి చెప్పక్కర్లేదు.

ఆ ఫైర్‌ప్లేస్ ఇప్పుడు సెట్టు దిగి వీధిలోకి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇంటీరియర్ డిజైనర్లు చూపించే త్రీడీ బొమ్మల్లో, టీవీ కింద పొడుగ్గా ఓ మంట వెలుగుతూ కనిపిస్తోంది. ఇళ్ల గురించి రాస్తుంటాను కాబట్టి తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు: "ఫైర్‌ప్లేస్ పెట్టించాలంటే ఎంతవుతుందండీ?" ఆ కోరిక పుట్టించినవాళ్లు మీరు కాబట్టి జవాబు మీకే రాస్తున్నాను. బిల్లు మీ పేరున వెయ్యడానికి కాదులెండి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి. అడిగే ముందు లెక్క చూపించడం మర్యాద.

ముందు చలి సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. మామూలు డిసెంబరు రాత్రయితే పద్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అందులో మరీ వణికించే రాత్రులు సంక్రాంతి లోపు కొన్ని వస్తాయి, పోతాయి. కిటికీలు మూసి రగ్గు కప్పుకుంటే సరిపోయే చలి అది. అసలు చలి ఎలా ఉంటుందో లంబసింగి వాళ్లని అడగాలి, ఆదిలాబాద్ అడవి పల్లెల వాళ్లని అడగాలి. అక్కడ ఎవరింట్లోనూ గోడలో గూడు కట్టి మంట పెట్టుకోరు. వాకిట్లో నెగడు వేసుకుని చుట్టూ కూర్చుంటారు. ఇంట్లో ముసలివాళ్లుంటే మంచం పక్కకి కుంపటి జరుపుతారు. తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకుంటే బొగ్గుపులుసు వాయువుకి తోబుట్టువైన కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిన ప్రతి శీతాకాలం ఆ వార్తలు వస్తూనే ఉంటాయి.

మీకీ ఫైర్‌ప్లేస్ ఎక్కడ దొరికిందో ఊహించడం కష్టమేం కాదు. కొంత హాలీవుడ్, కొంత బొంబాయి, కొంత ఊటీ. మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఔట్‌డోర్ అంటే ఊటీయే కదా. అక్కడి పాత బంగళాల్లో దొరలు ఫైర్‌ప్లేస్ కట్టుకున్నది అవసరం కొద్దీ. శీతాకాలం తెల్లవారుజామున అక్కడి పచ్చికమీద మంచు గడ్డకడుతుంది. ఊటీ బంగళా లోపలి భాగాన్ని మద్రాసు ఫ్లోర్లో దింపినప్పుడు ఫైర్‌ప్లేస్ కూడా వచ్చేసింది, చలి మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత పరిశ్రమ హైదరాబాద్‌కి వచ్చింది. 1960ల్లో చల్లగళ్ల నరసింహం గారు జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ మొదలుపెట్టేనాటికి ఇక్కడున్నవి బండలూ తుప్పలూ. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు, తర్వాత కృష్ణ పద్మాలయా కట్టారు, 1980ల చివరికి రామానాయుడు స్టూడియోస్ వచ్చింది, ఫిల్మ్‌నగర్ అనే పేరు ఊరి మ్యాపులోకి ఎక్కింది. స్టూడియో పక్కనే తారల ఇళ్లు, ఆ ఇళ్ల పక్కనే తారల్లా బతకాలనుకునేవాళ్ల ఇళ్లు. ఆ ఇళ్లనే రోజు అద్దెకి మళ్లీ షూటింగులకిచ్చారు. సెట్టుని చూసి ఇల్లు, ఇంటిని చూసి సెట్టు! ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో ఈ రోజు తేల్చడం ఎవరి తరమూ కాదు.

సరే, లెక్కకి వద్దాం. నిజంగా కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ కావాలన్నారనుకోండి. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న నోరు పెట్టారు. లోపలి పొగగొట్టం వైశాల్యం ఆ నోటి వైశాల్యంలో పదో వంతు ఉండాలన్నది పాత మేస్త్రీల లెక్క. అంటే పది అంగుళాలకి పైబడిన చదరపు గొట్టం. దాని చుట్టూ లైనింగు, ఆపైన ఇటుక గోడ కలిపితే రెండడుగుల చదరం. ఇది కింద హాల్లో మొదలై, పై అంతస్తు పడగ్గదిని చీల్చుకుని, ఆ పై హోమ్ థియేటర్‌ని చీల్చుకుని, డాబా దాటి కనీసం మూడడుగులు పైకి పోవాలి. పక్కన వాటర్ ట్యాంకో లిఫ్టు గదో ఉంటే దానికంటే ఎత్తు లేవాలి. లేకపోతే గాలి పొగని కిందకే తోస్తుంది. స్లాబులో కన్నం పెట్టాలి, ఆ కన్నం చుట్టూ అదనపు ఇనుము వెయ్యాలి, వానాకాలం అక్కడే చెమ్మ దిగుతుంది. మంట తగిలే చోట మామూలు ఇటుక, మామూలు సిమెంటు పనికిరావు, పగిలిపోతాయి. ఫైర్ బ్రిక్, ఫైర్ క్లే మట్టి కావాలి. గొట్టం గొంతులో మూతపడే డ్యాంపర్ కావాలి. ఇటుకల ఖర్చు పెద్దదేం కాదు, వేలల్లో పోతుంది. లక్షలు పోయేది మిగతా చోట. గజం లక్షల్లో పలికే జూబ్లీహిల్స్‌లో అంతస్తుకి నాలుగు చదరపుటడుగుల నేల గొట్టానికి రాసిచ్చేస్తున్నాం. పైగా ఈ పని తెలిసిన మేస్త్రీ హైదరాబాద్‌లో దొరకడు. దొరికాడంటే ఆయన కట్టింది పిజ్జా ఓవెనే అయ్యుంటుంది.

ఇంతా చేసి మంట పెడితే ఏమవుతుంది? తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌లో కాలిన కట్టె వేడిలో గదికి దక్కేది పదో వంతు, మహా అయితే ఇంకొంచెం. మిగతాదంతా ఆకాశానికి. మంట తనకి కావలసిన గాలిని గదిలోంచే లాక్కుంటుంది, ఆ ఖాళీలోకి తలుపు సందుల్లోంచి బయటి చలిగాలి వస్తుంది. హాల్లో ముఖం కాలుతుంటే వెనక పడగ్గదిలో చలి పెరుగుతుంది. ఇక మన కొత్త ఇళ్లలో తలుపులు కిటికీలు గాలి చొరకుండా బిగించి ఉంటాయి. వంటింట్లో పెద్ద చిమ్నీ ఫ్యాను ఆన్ చేశారో, అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది, ఆ లోటు తీర్చడానికి ఫైర్‌ప్లేస్ గొట్టంలోంచి గాలి కిందకి దిగుతుంది, వస్తూ వస్తూ పొగని వెంటేసుకొస్తుంది. వంటింట్లో చేపల పులుసు ఉడుకుతుంటే హాల్లో అతిథులు దగ్గుతారు. వేసవిలో ఇంకో సరదా ఉంది. డ్యాంపర్ సరిగ్గా మూయకపోతే ఏసీ చల్లదనం ఆ గొట్టం సందుల్లోంచి జారిపోతూనే ఉంటుంది. ఏటా పది పన్నెండు రాత్రుల కోసం కట్టిన దానికి మిగతా మూడొందల యాభై రోజులూ కరెంటు బిల్లులో కప్పం కడుతూ ఉండాలి.

ఈ తంటా ఇంగ్లండులో రెండొందల ఏళ్ల కిందటే ఉంది. 1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన లండన్ ఇళ్లలో ఫైర్‌ప్లేస్‌లని బాగుచేశాడు. లోతు తగ్గించాడు, పక్క గోడల్ని ఏటవాలు చేశాడు, గొంతు సన్నం చేశాడు. పొగ తగ్గింది, గదిలోకి వేడి వచ్చింది, డబ్బున్నవాళ్లందరూ ఆయన వెంటపడ్డారు. అదే రమ్‌ఫర్డ్ అంతకుముందు మ్యూనిక్‌లో బిచ్చగాళ్లకీ పేదలకీ గంజి కాచే పెద్ద వంటశాలలు పెట్టి, తక్కువ కట్టెతో ఎక్కువమందికి వండే పొయ్యిలు గీశాడు. దొరగారి హాలూ, పేదవాడి వంటిల్లూ ఒకే మనిషి చేతి కింద బాగుపడ్డాయి. ఆయన పేరు ఇక్కడ ఊరికే తేలేదు, మళ్లీ వస్తాను.

కట్టెలు వద్దనుకున్నవాళ్లకి బజార్లో మూడు రకాలున్నాయి. మొదటిది ఇథనాల్ బర్నర్. గొట్టం అక్కర్లేదు, పొగ రాదు, మంట నిజమైనదే. వేలల్లో మొదలై, చేత్తో ముట్టుకోకుండా రిమోట్‌తో వెలిగేదయితే లక్షల్లోకి వెళ్తుంది. డిజైనర్ చెప్పనిది ఒకటుంది: గొట్టం లేదంటే కాలినదంతా మీ గదిలోనే ఉంటుందన్నమాట. లీటరు ఇథనాల్ కాలితే కిలోన్నర బొగ్గుపులుసు వాయువు, దాదాపు తొమ్మిదొందల గ్రాముల నీటి ఆవిరి వస్తాయి. కిటికీ తియ్యాలి. కిటికీ తీస్తే వేడి పోతుంది. పైగా దాని మంట పట్టపగలు సరిగ్గా కనబడదు, ఆరిపోయిందనుకుని వేడి బర్నర్లో మళ్లీ ఇంధనం పోస్తే భగ్గున చేతిలో డబ్బాకే అంటుకుంటుంది. రెండోది ఎలక్ట్రిక్. ఎల్‌ఈడీ మంట, వెనక హీటరు. రెండు కిలోవాట్ల హీటరు మూడు గంటలు నడిస్తే ఆరు యూనిట్లు. జూబ్లీహిల్స్ ఇల్లు నాలుగొందల యూనిట్ల శ్లాబు ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి యూనిట్ తొమ్మిదిన్నర, పది రూపాయల లెక్కన రాత్రికి అరవై రూపాయలు. నన్నడిగితే వీటిలో నయం ఇదే, ఎందుకంటే అబద్ధమని దానికే తెలుసు. మూడోది నీటి ఆవిరి మీద నారింజ రంగు దీపం వేసేది. దిగుమతి సరుకు, లక్షల్లో ధర. మంట అచ్చం మంటలా ఉంటుంది, చెయ్యి పెడితే తడి తగులుతుంది. వేడి చుక్క కూడా రాదు. ఇన్ని లక్షలు పోసి గదిలో తేమ పెంచుకున్నామని తెలిశాక యజమాని ముఖం ఎలా ఉంటుందో మీరు తప్ప ఇంకెవరూ సరిగ్గా చిత్రించలేరు.

మీ ఫైర్‌ప్లేస్ ఖర్చు కూడా నాకు తెలుసు లెండి. ప్లైవుడ్ చట్రం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులు, పాలరాతి గీతలు వేసే పెయింటర్ ఒకాయన. లోపల నారింజ జెల్ వేసిన లైటు, కాస్త పట్టుగుడ్డ, కింద టేబుల్ ఫ్యాను. క్లోజప్ ఉంటే గ్యాస్ పైపుకి కన్నాలు పెట్టి నిజం మంట. మూడు రోజుల కాల్‌షీట్ అయ్యాక విప్పేస్తారు, చట్రం ఇంకో సెట్లో పూజగది తలుపవుతుంది. పొదుపంటే అదీ! జూబ్లీహిల్స్ యజమానులకి మీ పద్ధతి నేర్పితే సగం గొడవ తీరిపోతుంది. కానీ ప్లైవుడ్ ప్లైవుడ్డే. 2014లో వచ్చిన "మనం" సెట్‌ని అన్నపూర్ణ స్టూడియోస్‌లో జ్ఞాపకంగా ఉంచుకుంటే, 2017 నవంబరులో నిప్పంటుకుని కాలిపోయింది.

ఇక మీ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. హాల్లో అంత పెద్ద ఫైర్‌ప్లేస్ వేస్తారు. ఆ తర్వాత షాట్లో బంగళా ముందుభాగం చూపిస్తారు. డాబా మీద పొగగొట్టం ఉండదు. ఆ డాబా మీదే ఫైటు కూడా జరుగుతుంది, రౌడీలు నలువైపులా ఎగిరిపడతారు, ఒక్కడికీ చిమ్నీ అడ్డం రాదు. ఆ మంట పొగంతా ఎక్కడికి పోతోందని ఇన్నేళ్లలో ఒక్క ప్రేక్షకుడూ అడగలేదంటే మా మీద కూడా కేసు పెట్టొచ్చు.

ఇప్పుడు రమ్‌ఫర్డ్ రెండో పొయ్యి సంగతి. ఫిల్మ్‌నగర్‌లో ఏ స్టూడియో గేటు దగ్గర నిలబడినా కొంచెం అవతల బస్తీ కనిపిస్తుంది. జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్, దుర్గాభవానీ నగర్. బండల మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఎక్కిన ఇళ్లు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి కిందకి దిగితే కృష్ణానగర్, హీరోలవుదామని వచ్చినవాళ్లూ లైట్లు మోసేవాళ్లూ అద్దెకుండే గదులు. మీ ఫైర్‌ప్లేస్‌కి మేకులు కొట్టినవాళ్లలో చాలామంది సాయంత్రం చేరేది అటే. అక్కడ కొత్తగా కాపురం పెట్టిన జంట అడిగే ప్రశ్న కూడా అచ్చంగా జూబ్లీహిల్స్ ప్రశ్నే: "పొయ్యి పెట్టాలంటే ఎంతవుతుంది?"

2022 జూన్ 16 నుంచి 14.2 కిలోల సిలిండర్‌కి డిపాజిట్ 2200 రూపాయలు. అంతకుముందు 1450 ఉండేది. రెగ్యులేటర్ డిపాజిట్ 250. ఇక పైపు, పుస్తకం, రెండు బర్నర్ల మామూలు స్టవ్, మొదటి సిలిండర్ గ్యాస్ కలుపుకుంటే మొత్తం ఐదారు వేలు. ఒక్క సిలిండరే తీసుకుంటే అది అయిపోయిన రోజు రెండోది వచ్చేదాకా పొయ్యిలో పిల్లి లేవదు. రెండో సిలిండర్ కావాలంటే ఇంకో 2200. డిపాజిట్ వెనక్కి వస్తుందంటారు, నిజమే, వడ్డీ లేకుండా, కనెక్షన్ వదులుకున్నప్పుడు. గ్యాస్ ధర వేరే కథ: 2023 వేసవికి హైదరాబాద్‌లో సిలిండర్ 1155 ఉండేది, ఆ ఆగస్టులో 200 తగ్గింది, తర్వాతి మార్చిలో మరో 100 తగ్గింది, 2025 ఏప్రిల్‌లో 50 పెరిగి 905 అయింది.

ప్రభుత్వాలేమీ చెయ్యలేదనడం అన్యాయం. పేదింటి పొయ్యికి డిపాజిట్ ప్రభుత్వమే కట్టాలన్న ఆలోచన దేశానికంటే ముందు మనకే వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకంలో డ్వాక్రా మహిళలకి వెయ్యి రూపాయల డిపాజిట్ ప్రభుత్వం భరించింది. కేంద్రం ఉజ్వలతో 2016 మే 1న వచ్చింది, ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభించారు. 2021లో రెండో విడతలో స్టవ్, మొదటి సిలిండర్ కూడా ఉచితం చేశారు, వలస వచ్చినవాళ్లు రేషన్ కార్డూ చిరునామా పత్రమూ లేకపోయినా సొంత ప్రకటన రాసిస్తే చాలన్నారు. తెలంగాణలో మహాలక్ష్మి కింద 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయలకి సిలిండర్. ఆంధ్రలో దీపం-2 కింద అదే ఏడాది నవంబరు 1 నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలుపెట్టారు.

ఇన్ని పథకాల మధ్య కృష్ణానగర్ గది ఎక్కడ ఇమడాలి? మహాలక్ష్మి రాయితీ తెల్లకార్డుతో ముడి, ఇంటికి ఎన్ని సిలిండర్లన్నది గత మూడేళ్ల వాడకం సగటుని బట్టి. అసలు కనెక్షనే లేనివాడికి వాడకం ఎక్కణ్ణుంచి వస్తుంది, సగటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉజ్వల కనెక్షన్ మహిళ పేరునే ఇస్తారు, అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు, మంచిదే. కానీ భీమవరం నుంచి, పలాస నుంచి వచ్చి ఒక గదిలో ఉండే నలుగురు కుర్రాళ్లకి అది వర్తించదు. వాళ్లలో ఒకడి అమ్మకి ఊళ్లో దీపం కనెక్షన్ ఉంటుంది, ఉచిత సిలిండర్లూ వస్తాయి, అక్కడికే వస్తాయి. ఇక మిగిలింది ఐదు కిలోల చిన్న సిలిండర్. ఏదో ఒక గుర్తింపు కార్డు చూపిస్తే అమ్ముతారు, చిరునామా పత్రం అడగరు. దానికి రాయితీ లేదు, కిలో లెక్కన పెద్ద సిలిండర్ కంటే ఖరీదు. పెద్ద సిలిండర్ 905 ఉన్నప్పుడు గ్యాస్ కిలో 64 రూపాయలలోపే పడేది. వీధి చివర కిరాణా కొట్టు వెనక పెద్ద సిలిండర్లోంచి చిన్నదాన్లోకి ఎక్కించే చోట దానికంటే బాగా ఎక్కువే. అది చట్ట విరుద్ధం, ప్రమాదం కూడా. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కారితే కిందే పరుచుకుంటుంది, కిటికీలేని గదిలో నేల మీద పడుకున్నవాళ్ల చుట్టూ చేరుతుంది. తెలిసీ ఎక్కించుకుంటారు. జేబులో ఉన్న డబ్బుకి ఒక కిలో వస్తుంది కాబట్టి.

పైపు గ్యాస్ రాదా అంటే, హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ ఉంది. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన సంస్థ. పైపు వేసిన చోట అంతకంటే సుఖం లేదు, సిలిండర్ మోయక్కర్లేదు, బుక్ చెయ్యక్కర్లేదు. అయితే అద్దెకున్న మనిషి అడిగితే చాలదు. యజమాని ఒప్పుకోవాలి. అద్దె గదుల యజమాని దేనికి ఒప్పుకుంటాడో కృష్ణానగర్‌లో ఒక్క ఏడాది ఉన్నవాడిని అడగండి.

చూశారు కదా, లెక్క కళ్లముందే ఉంది. హాల్లో రిమోట్‌తో వెలిగే ఇథనాల్ బర్నర్ ఒకటి లక్షన్నర అనుకుంటే, ఆ డబ్బుతో సిలిండర్, రెగ్యులేటర్ డిపాజిట్లు అరవై ఒక్క ఇళ్లకి కట్టొచ్చు. ఈ మాట యజమానులకి చెప్పి చూశాను. "మా డబ్బు మా ఇష్టం" అన్నారు, న్యాయమే. అందుకే వాళ్లని వదిలేసి మీ దగ్గరికి వచ్చాను. జనం దేన్ని ఇల్లనుకుంటారో దిద్దేది మీరు కాబట్టి. అది ఉబ్బేసే మాట కాదు. మీలో ఒకరైన ఆనంద్ సాయి యాదాద్రి గుడికి రూపం ఇస్తే, 2022 మార్చిలో దాన్ని తెరిచాక లక్షలమంది వెళ్లి దణ్ణం పెట్టుకుంటున్నారు. సెట్టుకీ నిజానికీ మధ్య గోడ ఇక్కడ అంత పల్చన.

మరి మీ సెట్లలో వంటిల్లు ఎలా ఉంటోంది? డబ్బున్న ఇల్లయితే విదేశీ మాడ్యులర్ కిచెన్, తెల్లటి ద్వీపంలాంటి బల్ల, దానిమీద పళ్లబుట్ట. సిలిండర్ ఎక్కడుందో హీరోయిన్‌కి కూడా తెలీదు. బీద ఇల్లయితే కట్టెలపొయ్యి, ఊదుగొట్టం, పొగకి అమ్మ కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు సెంటిమెంటుకి పనికొస్తాయి, నాకు తెలుసు. కానీ ఇప్పుడు మీ పక్క వీధిలో ఉన్న వంటిల్లు ఈ రెండూ కాదు. గదిలో ఓ మూల కడప బండ, దాని మీద ఒంటి బర్నర్ స్టవ్, కింద ఐదు కిలోల సిలిండర్, గోడకి నూనె మరకలు ఆపడానికి అంటించిన సినిమా పోస్టరు. ఆ పోస్టరు మీ సినిమాదే అయ్యుండొచ్చు. ఈ వంటింటిని తెర మీద చూసిన గుర్తు నాకు లేదు.

వంటిల్లూ తిండీ చూపిస్తే జనం చూడరనే మాట నమ్మను. 1957లో "మాయాబజార్"కి గోఖలే, కళాధర్ కళా దర్శకులు. ఎన్ని మాయామహళ్లు వేశారు వాళ్లు! అయినా ఎస్వీ రంగారావు ఒక్కడూ కూర్చుని వంటకాల ముందు తిన్న తిండే అందరి నోటా ఉంది. 2012లో తనికెళ్ల భరణి తీసిన "మిథునం"లో పాత్రలు ఇద్దరే, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. మిగతాదంతా ఇల్లు, పెరడు, వంట. శ్రీరమణ గారి కథలో ఉన్న ఆ రుచిని సెట్టూ సామానూ చెడగొట్టలేదు. ఆ ఇంట్లో ఎవరైనా ఫైర్‌ప్లేస్ వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఫైర్‌ప్లేస్ మానేయమనను. కథ అరకులో నడిస్తే, ఊటీలో నడిస్తే, అమెరికాలో ఉన్న మన పిల్లల ఇంట్లో నడిస్తే నిక్షేపంగా వెయ్యండి. మినియాపొలిస్ జనవరిలో అది లేకపోతేనే తప్పు. వేసిన చోట బయటి షాట్లో డాబా మీద గొట్టం కూడా వెయ్యండి, దాని నెత్తిన వాన పడకుండా టోపీ పెట్టండి. హైదరాబాద్ కథకి మాత్రం, హీరో కృష్ణానగర్ గదిలో ఉంటే, అతని పొయ్యి ఎలా వచ్చిందో ఒక్క షాట్లో తెలిసేలా చూడండి. ఏజెన్సీ కౌంటర్ దగ్గర డిపాజిట్ రసీదు చేతిలో పట్టుకుని మిగిలిన చిల్లర లెక్కపెట్టుకునే మనిషిని ఏ నటుడికిచ్చినా చేస్తాడు, మాట అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, ఇది మీ చేతుల్లో పూర్తిగా లేకపోయినా మీ గొంతు వినిపిస్తుంది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు ముప్పై శాతం వేతన పెంపు అడుగుతూ షూటింగులు ఆపినప్పుడు రోజు కూలీ గురించి గట్టిగా వాదనలు జరిగాయి. కూలీ సంగతి నిర్మాతలూ కార్మికుల ఫెడరేషనూ చూసుకుంటారు. కొత్తగా యూనియన్ కార్డు తీసుకున్న ప్రతి కార్పెంటరుకీ పెయింటరుకీ లైట్‌మ్యాన్‌కీ సిలిండర్, రెగ్యులేటర్ డిపాజిట్లు కలిపి ఆ 2450 రూపాయలు అప్పుగానైనా ఇచ్చే నిధి ఒకటి ఉంటే బాగుంటుందని సెట్ బడ్జెట్ రాసేటప్పుడు మీరు అనొచ్చు. ఎలాగూ తిరిగొచ్చే డిపాజిట్టే కాబట్టి నిధి కరిగిపోదు. మేనేజర్ కాదంటే ఆ ఫైర్‌ప్లేస్ పాలరాతి అచ్చుల్లో ఒక వరస తగ్గించుకోండి, కెమెరాకి తేడా తెలియదు.

సెట్లో సిలిండర్ పెట్టేటప్పుడు ప్రాపర్టీ వాళ్లకి ఒక్క జాగ్రత్త చెప్పండి. పట్టుకునే రింగు కింది పట్టీ మీద ఇంగ్లిషు అక్షరం ఒకటి, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డీ వరకు. ఆ సిలిండర్‌కి మళ్లీ పరీక్ష చెయ్యాల్సిన గడువది. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి, సిలిండర్ నిలువుగా ఉండాలి, పైపు ఐదేళ్లకి మించకూడదు. మీరు తప్పు పెట్టారనుకోండి, థియేటర్లో మొదటాటకే కృష్ణానగర్ వాడెవడో ఒకడు అరిచి చెప్తాడు. గ్యాస్ సంగతి వాళ్లకి బాగా తెలుసు.

ఇట్లు,
మీ సెట్లలో ఉచితంగా కాపురమున్న ఒక ప్రేక్షకుడు